మొదటిసారి ఒంటరిగా గల్ఫ్‌కి వెళ్తున్నావా? భయం ఉండగానే ప్రయాణం చేయడం ఎలా

టెన్త్, ఇంటర్ పరీక్షలు అయిపోగానే ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. "నాన్న దుబాయ్‌లో ఉంటారు, సెలవులకి రమ్మంటున్నారు. అమ్మకి కుదరదు. ఒంటరిగా ఫ్లైట్ ఎక్కాలంటే చేతులు చల్లబడిపోతున్నాయి, ఏం చేయాలి?" అడిగేది ఒకసారి జగిత్యాల నుంచి, ఇంకోసారి రాయచోటి నుంచి, మరోసారి కోనసీమ నుంచి. భయం మాత్రం అందరిదీ ఒకటే. అందుకే విడివిడిగా జవాబులు చెప్పకుండా మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. భయం పూర్తిగా పోయాక బయల్దేరదాం అనుకుంటే ఎప్పటికీ బయల్దేరలేవు. ఈ ప్రయాణానికి కావలసిన ధైర్యం రెండే రెండు పనుల్లో ఉంది. తెలియని మనిషి దగ్గరికి వెళ్లి నీ నోటితో అడగగలగాలి. తెలిసిన మనిషికైనా అవసరమైతే "వద్దు" అనగలగాలి. ఈ రెండూ ఇంటి దగ్గరే ప్రాక్టీస్ చేయొచ్చు.

ఇది 15 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్ల కోసం రాసింది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నేరుగా వెళ్లే విమానాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. దోహా మీదుగా ఇంకా దూరం వెళ్లేవాళ్ల కోసం మధ్యలో కొంత చెప్పాను.

కావలసినవి

- పాస్‌పోర్టు. దుబాయ్‌లో దిగే రోజు నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.
- వీసా, రానూపోనూ టికెట్ల ప్రింట్లు, రెండేసి కాపీలు. ఫోన్‌లో ఉన్నా కాగితం కూడా ఉండాల్సిందే.
- అమ్మానాన్నలిద్దరూ సంతకం చేసిన సమ్మతి పత్రం. నోటరీ చేయిస్తే మంచిది. దానికి నాన్న పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడీ (అక్కడ ఉండేవాళ్లకి ఇచ్చే గుర్తింపు కార్డు) జిరాక్సులు జతచేయాలి.
- నాన్న ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, కంపెనీ పేరు, ఇంకొక తెలిసినవాళ్ల నంబరు. ఇవన్నీ చేత్తో రాసిన చిన్న కాగితం.
- కొంచెం దిర్హమ్‌ల నగదు. టాక్సీకి, భోజనానికి సరిపడా ఉంటే చాలు.
- ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించిన సిమ్, ఛార్జర్, ఒక పెన్ను.
- మెడలో గానీ నడుముకి గానీ తగిలించుకునే చిన్న పర్సు. పాస్‌పోర్టుకి చోటు అదే, ఇంకెక్కడా కాదు.

1. కాగితాలు నువ్వే, నీ చేత్తో సరిచూసుకో

ఇది నాలుగు వారాల ముందే చేయాలి. "అన్నీ మామయ్య చూసుకుంటాడు" అని వదిలేస్తే, ఎయిర్‌పోర్టులో ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు నీ దగ్గర జవాబు ఉండదు. సగం భయం అక్కడే పుడుతుంది. కాగితాలన్నీ మంచం మీద పరిచి ఒక్కొక్కటీ చదువు.

మొదట గడువు తేదీ చూడు. 18 ఏళ్ల లోపు వాళ్లకి ఇచ్చే పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లు, లేదా 18 నిండేవరకు, రెండిట్లో ఏది ముందు వస్తే అంతవరకే చెల్లుతుంది. 15 దాటినవాళ్లు కోరుకుంటే పదేళ్లది తీసుకోవచ్చు. పన్నెండో ఏట తీసుకున్న పాస్‌పోర్టు పదిహేడుకే అయిపోతుంది. ఈ సంగతి టికెట్ కొన్నాక బయటపడిన ఇళ్లు చాలా ఉన్నాయి.

తర్వాత పేరు చూడు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉండటం మామూలే. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లని విజిట్, టూరిస్ట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ (దుబాయ్, షార్జా ఉన్న దేశం) 2022 నవంబరులో నియమం పెట్టింది. రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని ఆ తర్వాత వివరణ ఇచ్చింది. నీది అలాంటి పాస్‌పోర్టు అయితే టికెట్ కొనకముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడగాలి. అక్షరం అక్షరం పాస్‌పోర్టులో ఉన్నట్టే వీసాలో, టికెట్‌లో ఉందా అని వేలు పెట్టి చదువు.

ఎయిర్‌లైన్‌ని ఇంకొక ప్రశ్న కూడా అడగాలి. "18 లోపు వాళ్లు ఈ వీసా మీద ఒంటరిగా రావొచ్చా?" వయసుని బట్టి, వీసా రకాన్ని బట్టి, ఎయిర్‌లైన్‌ని బట్టి నియమాలు మారతాయి. పక్కింటి వాళ్ల అబ్బాయి పోయినేడు వెళ్లాడు కదా అని ఊరుకోవద్దు. ఈ ఫోన్ నువ్వే చెయ్యి. అమ్మ పక్కన కూర్చుంటే చాలు.

2. భయాన్ని ముక్కలు చెయ్యి

"ఫ్లైట్ అంటే భయం" అంటే ఏమీ తేలదు. ఒక పేజీ తీసుకుని అసలు ఏమేం జరుగుతాయని భయపడుతున్నావో రాయి. మామూలుగా వచ్చేవి ఇవే: దారి తప్పుతానేమో, ఆఫీసర్ ఇంగ్లిష్‌లో ఏదో అడిగితే అర్థం కాదేమో, విమానం కుదిపేస్తుందేమో, దిగాక నాన్న కనిపించరేమో, అందరి ముందూ ఏడుపొస్తుందేమో.

ఒక్కొక్క దాని ఎదురుగా "అప్పుడు నేను ఎవరిని అడుగుతాను?" అని రాయి. ఏం చేస్తాను అని రాయొద్దు, ఎవరిని అడుగుతాను అనే రాయి. దారి తప్పితే యూనిఫాంలో ఉన్నవాళ్లని. భాష అర్థం కాకపోతే ఆ ఆఫీసర్నే, ఇంకోసారి మెల్లగా చెప్పమని. నాన్న కనిపించకపోతే ఏం చేయాలో తొమ్మిదో మెట్టులో ఉంది. ఏడుపొస్తే ఎవర్నీ అడగక్కర్లేదు. ఎయిర్‌పోర్టుల్లో రోజూ ఎంతోమంది ఏడుస్తారు, ఎవరూ వింతగా చూడరు.

చివర్లో "తెలియనివాళ్లని అడగడం" అని ఇంకో వరుస కూడా రాయి. ప్రతి భయానికి 10కి ఎన్ని మార్కులో కూడా వేసి ఆ పేజీ దాచిపెట్టు. తర్వాత దానితో పని ఉంది.

3. అడగడం ప్రాక్టీస్ చెయ్యి

ఈ మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ మెట్టు మీదే. చాలామంది దీన్నే దాటేస్తారు.

కనీసం రెండు వారాల పాటు రోజుకొకసారి తెలియని మనిషిని ఒక ప్రశ్న అడగాలి. సులువైన చోట మొదలుపెట్టు. బస్టాండ్‌లో ఎంక్వైరీ కౌంటర్ దగ్గరికి వెళ్లి "సార్, నిజామాబాద్ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది?" అని అడుగు. జవాబు తెలిసినా అడుగు. తర్వాత బ్యాంకులో, మెడికల్ షాపులో, రైల్వే స్టేషన్‌లో. అక్కడి నుంచి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఇంగ్లిష్‌లోనో హిందీలోనో మాట్లాడు.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో గమనించు. ముందు గొంతు పట్టేసినట్టు అవుతుంది. వెనకాల ఉన్నవాళ్లు తోస్తారు. కౌంటర్లో ఉన్నాయన తలెత్తకుండానే "ఆఁ?" అంటాడు. ఆ "ఆఁ?" వినగానే మనం చిన్నబోయి వెనక్కి వచ్చేస్తాం. వెనక్కి రావొద్దు. అదే ప్రశ్నని కాస్త గట్టిగా, అవే మాటలతో రెండోసారి అడుగు. మాటలు మార్చొద్దు, సారీ చెప్పొద్దు. ఆయన "ఏడో నంబర్" అంటాడు, అంతే. ఎయిర్‌పోర్టులో జరిగేది కూడా సరిగ్గా ఇదే. కాకపోతే అక్కడి కౌంటర్ అద్దం ఇంకాస్త శుభ్రంగా ఉంటుంది.

ఈ నాలుగు మాటలు నోటికి వచ్చేలా పైకి చదువు:

- "ఎక్స్‌క్యూజ్ మీ, ఐ యామ్ ట్రావెలింగ్ అలోన్ ఫర్ ద ఫస్ట్ టైమ్. కెన్ యూ హెల్ప్ మీ?"
- "సారీ, ప్లీజ్ సే ఇట్ స్లోలీ."
- "వేర్ ఈజ్ దిస్ గేట్?" అంటూ బోర్డింగ్ పాస్ (విమానం ఎక్కడానికి ఎయిర్‌పోర్టులో ఇచ్చే చీటీ) చూపించు.
- "మై ఫాదర్ లివ్స్ హియర్. ఐ యామ్ విజిటింగ్ హిమ్."

ఇంగ్లిష్ రాకపోయినా కంగారుపడొద్దు. దుబాయ్ ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లలో ఇండియా, పాకిస్తాన్, నేపాల్ వాళ్లు చాలామంది ఉంటారు. "భయ్యా, యే గేట్ కిధర్ హై?" అన్నా సరిపోతుంది.

ఎలా చెక్ చేయాలి: రెండు వారాల తర్వాత అమ్మ పక్కన లేకుండా, ముందు రోజు అనుకోని ఒక ప్రశ్నని ఎక్కడైనా అడగగలిగావా? అడగగలిగితే సరిపోయింది. గొంతు వణికినా లెక్కే. అడగలేకపోతే ఇంకో వారం చెయ్యి.

ప్రత్యామ్నాయం: అప్పటికీ చాలా కష్టంగా ఉంటే ఎయిర్‌లైన్ వాళ్ల "అన్‌అకంపనీడ్ మైనర్" సేవ గురించి అడగండి. వాళ్ల మనిషి నిన్ను చెక్-ఇన్ నుంచి తీసుకెళ్లి అవతల నాన్నకి అప్పగిస్తారు. చాలా ఎయిర్‌లైన్స్‌లో ఇది 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకి తప్పనిసరి, ఆపై వయసు వాళ్లు కోరితే ఇస్తారు. విడిగా డబ్బు కట్టాలి, ముందే బుక్ చేయాలి. దుబాయ్‌లో "మర్హబా" అనే సేవ కూడా ఉంది, దిగిన దగ్గర్నుంచి బయటివరకు తోడు వస్తారు. ఇవి వాడుకోవడం చిన్నతనమేమీ కాదు. వెళ్లేటప్పుడు తోడుతో వెళ్లి, వచ్చేటప్పుడు ఒంటరిగా వచ్చినా మంచిదే.

4. బ్యాగు నువ్వే సర్దు. ఎవరి పార్సిలూ తీసుకోకు

"ఈ బ్యాగు మీరే సర్దారా?" అని అడిగితే అవునని నిజంగా చెప్పగలగాలి. అమ్మ పక్కనుండి అందిస్తే నువ్వు పెట్టు.

గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా వద్దు. మన వంటింట్లో మసాలా దినుసే, కానీ యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో అది నిషేధిత పదార్థం. తెలియక తీసుకెళ్లి జైలు పాలైన భారతీయులు ఉన్నారు. ఇంట్లో చేసిన మసాలా పొడిలో గసగసాలు కలిశాయేమో అమ్మని అడుగు. అనుమానం ఉంటే ఆ పొడి వదిలెయ్యి.

మందులు కూడా అంతే జాగ్రత్తగా చూసుకోవాలి. కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు యూఏఈలో నియంత్రిత మందులు. ముందస్తు అనుమతి లేకుండా పట్టుకెళ్లకూడదు. నువ్వు రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో పాటు, అసలు స్ట్రిప్పుల్లోనే ఉంచు.

ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులోనే (ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ఇచ్చేసే పెద్ద బ్యాగు), గట్టిగా ప్యాక్ చేసి పెట్టు. చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. పవర్ బ్యాంకు దీనికి రివర్స్‌లో, చేతి బ్యాగులోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ లోపుది ఒక్కటే పెట్టుకో. ఎమిరేట్స్ విమానాల్లో 2025 అక్టోబరు 1 నుంచి దాన్ని ప్రయాణంలో వాడనివ్వడం లేదు, కాబట్టి ఎక్కేముందే ఫోన్ నిండా ఛార్జ్ చేసుకో. ఎండు కొబ్బరి అసలు పెట్టొద్దు, త్వరగా అంటుకునే వస్తువు కింద లెక్కేసి ఆపుతారు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. నువ్వు దుబాయ్ వెళ్తున్నావని తెలియగానే చుట్టుపక్కల ఇళ్ల నుంచి పార్సిళ్లు వస్తాయి. "మావాడికి ఈ మందులు ఇవ్వు బిడ్డా", "ఈ అరిసెల డబ్బా మా అల్లుడికి". అడిగేవాళ్లలో దాదాపు అందరూ మంచివాళ్లే. కానీ ఆ డబ్బాలో ఏముందో నీకు తెలియదు, చాలాసార్లు అడిగినవాళ్లకీ పూర్తిగా తెలియదు. స్కానర్‌లో ఏదైనా పట్టుబడితే జవాబు చెప్పాల్సింది నువ్వే. ఇలా ఇతరుల పార్సిల్ మోసి గల్ఫ్ జైళ్లలో చిక్కుకున్నవాళ్ల కథలు మన ఊళ్లకి కొత్త కాదు.

ఇలా చెప్పు: "పెద్దమ్మా, నాన్న ఎవరి పార్సిలూ తేవొద్దని గట్టిగా చెప్పారు. ఏమీ అనుకోకు." వాళ్లు మళ్లీ అడుగుతారు. నువ్వు మళ్లీ అదే మాట చెప్పు. "చిన్న డబ్బానే కదా" అంటారు. అప్పుడూ అదే మాట. కొత్త కారణాలు వెతకొద్దు. కారణం మారిందంటే బేరం మొదలైనట్టే.

5. బయల్దేరే రోజు

టికెట్ మీది తేదీ ముందుగా చూడు. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఉంటాయి. "15వ తేదీ, 03:40" అంటే నువ్వు ఇంటి నుంచి కదలాల్సింది 14వ తేదీ సాయంత్రమే. ఇక్కడ పొరబడి ఒక రోజు ఆలస్యంగా ఎయిర్‌పోర్టుకి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

టికెట్ మీద ప్రతి సమయం ఆ ఊరి టైమే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఉదయం 10:00కి బయల్దేరి 12:30కి దిగుతావని ఉంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. ఇది నాన్నకీ గుర్తు చెయ్యి.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. ఇడ్లీయో పెరుగన్నమో ఏదైనా తేలిగ్గా తిను. భయంతో ఉన్నప్పుడు కాఫీ తాగితే గుండె దడ ఇంకా పెరుగుతుంది.

పెద్దవాళ్లకో మాట. సాగనంపడానికి తుఫాన్ బండి నిండా జనాన్ని వేసుకుని రాకండి. అమ్మమ్మ ఏడుస్తుంది, అమ్మ ఏడుస్తుంది, పిల్లలకి కాళ్లు కదలవు. దండాలు, దీవెనలు, ఏడుపులు అన్నీ ఇంటి దగ్గరే కానివ్వండి. షంషాబాద్‌కి ఇద్దరు చాలు. టెర్మినల్ లోపలికి టికెట్ ఉన్నవాళ్లనే పంపుతారు కాబట్టి ఎలాగూ గేటు దగ్గర ఆగాల్సిందే. అక్కడ రెండు నిమిషాలు ఉండి పంపేయండి. అయితే లోపల బోర్డింగ్ పాస్ చేతికొచ్చేదాకా బయటే ఉండండి.

6. షంషాబాద్‌లో

విమానానికి మూడు, నాలుగు గంటల ముందే చేరు. చాలా ఎయిర్‌లైన్స్ చెక్-ఇన్ కౌంటర్ గంట ముందు మూసేస్తాయి.

గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ (ఎయిర్‌పోర్టు భద్రతా దళం) వాళ్లు పాస్‌పోర్టు, టికెట్ చూస్తారు. లోపలికి అడుగుపెట్టాక భయం బాగా ఎక్కువయ్యేది ఇక్కడే. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ అద్దం అవతల ఉంటుంది. పక్కకి జరిగి, ట్రాలీ మీద చెయ్యి ఆనించి నిలబడు. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చు, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదులు. పది సార్లు చెయ్యి. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండటమే ఇందులో కిటుకు. దడ పూర్తిగా ఆగదు, నడవగలిగేంత తగ్గుతుంది. నీకు కావలసింది అంతే.

తర్వాత చెక్-ఇన్. బ్యాగు ఇచ్చి బోర్డింగ్ పాస్ తీసుకో. బ్యాగు మీద కట్టిన ట్యాగ్‌లో మూడు అక్షరాల కోడ్ చూడు. దుబాయ్‌కి డీఎక్స్‌బీ, షార్జాకి ఎస్‌హెచ్‌జే. దోహా మీదుగా ఇంకెక్కడికో వెళ్తుంటే చివరి ఊరి కోడ్ ఉందో లేదో అడుగు.

ఆ తర్వాత ఇమిగ్రేషన్, అంటే పాస్‌పోర్టు తనిఖీ. అందరూ వణికేది ఇక్కడ. భారతీయులు దేశం విడిచి వెళ్లేటప్పుడు నింపే కార్డుని 2017 జులై 1 నుంచి తీసేశారు, కాబట్టి నింపాల్సిందేమీ లేదు. మాటలు దాదాపు ఇలా సాగుతాయి:

"ఎక్కడికి?"

"దుబాయ్ సార్, నాన్న దగ్గరికి."

"ఒక్కదానివే వెళ్తున్నావా? అమ్మ ఎక్కడ?"

"అమ్మ బయటే ఉంది సార్. ఇదిగో, ఇద్దరూ సంతకం పెట్టిన లెటర్."

"నాన్న ఏం చేస్తారక్కడ?"

"కంపెనీలో ఎలక్ట్రీషియన్ సార్."

"ఎన్ని రోజులు?"

"నెల రోజులు సార్, రిటర్న్ టికెట్ ఉంది."

ఆయన కెమెరా వైపు చూడమంటాడు, ముద్ర వేస్తాడు. ఆయన ముఖం సీరియస్‌గా ఉందంటే నీ మీద అనుమానమని కాదు, రాత్రంతా అదే పనిలో ఉన్న మనిషి. ఒక్కటే హెచ్చరిక. ఎవరో నేర్పిన అబద్ధం చెప్పొద్దు. తెలియకపోతే "తెలియదు సార్, అమ్మకి ఫోన్ చేయనా?" అను.

సెక్యూరిటీ అయ్యాక ముందు గేటు దాకా నడిచి చూసి, ఆ తర్వాతే నీళ్లకో టాయిలెట్‌కో వెళ్లు. గేటు నంబర్లు మారతాయి. అరగంటకోసారి స్క్రీన్ చూడు. విమానం కదలడానికి 15, 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. గేటు ఎదురుగా కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోయి విమానం పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. మెలకువగా ఉండు.

7. విమానంలో

ఎక్కేటప్పుడు తలుపు దగ్గర ఉన్న ఎయిర్ హోస్టెస్‌కి "ఫస్ట్ టైమ్, అలోన్" అని చెప్పెయ్యి. ఆ రెండు మాటలకే వాళ్లు మధ్యలో ఒకసారి వచ్చి పలకరిస్తారు.

చెవులు మూసుకుపోతే చప్పరించడానికి బిళ్ల ఏదైనా దగ్గర పెట్టుకో, లేదా ఊరికే గుటకలు మింగు. దిగేటప్పుడు ఇది ఎక్కువ ఉంటుంది, అప్పుడు నిద్రపోకు. కుదుపులు వస్తే బెల్టు పెట్టుకుని సిబ్బంది ముఖాలు చూడు. వాళ్లు మామూలుగా ఉన్నారంటే అది మామూలు కుదుపే. సీటు ఎంచుకునే వీలుంటే రెక్కల దగ్గర తీసుకో, అక్కడ ఊపు తక్కువ తెలుస్తుంది.

8. దిగాక

"అరైవల్స్" బోర్డు వెంట నడువు. దుబాయే చివరి ఊరైతే అదే నీ దారి. దోహాలో విమానం మారాల్సినవాళ్లు మాత్రం "ట్రాన్స్‌ఫర్స్" బోర్డు వెంటే వెళ్లాలి. అరైవల్స్ వైపు వెళ్లొద్దు. దోహా హమద్ ఎయిర్‌పోర్టు మధ్యలో పెద్ద పసుపు రంగు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, తల మీద దీపంతో. దారి తికమకైతే దాని దగ్గరికి వచ్చి, అక్కడి సిబ్బందికి బోర్డింగ్ పాస్ చూపించి అడుగు.

దుబాయ్ ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్టు, వీసా ప్రింట్ ఇవ్వు. కళ్లు స్కాన్ చేయించుకోమని పక్క కౌంటర్‌కి పంపొచ్చు. కొందరు పిల్లలు అది చూసి తమని పట్టుకున్నారనుకుని హడలిపోతారు. మామూలు పద్ధతే, నొప్పి ఏమీ ఉండదు. ముద్ర పడ్డాక బ్యాగులు వచ్చే బెల్టు నంబరు స్క్రీన్ మీద చూడు. ఒకేలాంటి నల్ల బ్యాగులు చాలా ఉంటాయి, హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డో రంగు రిబ్బనో కట్టి ఉంచితే వేరేవాళ్లది లాగవు.

9. నాన్న కనిపించకపోతే

దీనికి ఇద్దరూ ముందే సిద్ధమవ్వాలి. కనిపించకపోవడానికి మామూలు కారణం ఒకటే, ఆయన వేరే టెర్మినల్‌లో నిలబడి ఉంటారు. దుబాయ్‌లో టెర్మినల్ 2 మిగతా రెండింటికి రన్‌వేల అవతల, పూర్తిగా వేరే చోట ఉంది. ఎమిరేట్స్ విమానాలు టెర్మినల్ 3కి వస్తాయి. ఇంకొన్ని టికెట్లు అసలు దుబాయ్‌కి కాదు, షార్జాకి ఉంటాయి. కాబట్టి టెర్మినల్ నంబరు, ఎయిర్‌పోర్టు పేరు ముందు రోజే నాన్నకి మెసేజ్ పెట్టి, ఆయన చేత తిరిగి చెప్పించుకో.

దిగగానే ఎయిర్‌పోర్టు ఉచిత వైఫై పెట్టుకో. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్లు వెళ్తాయి గానీ వాట్సాప్ కాల్స్ సాధారణంగా పనిచేయవు. కాల్ కలవట్లేదని బెంబేలెత్తి ఏడ్చేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మెసేజ్ పెట్టు, లేదా రోమింగ్‌లో మామూలు కాల్ చెయ్యి.

అరగంట గడిచినా రాకపోతే అరైవల్స్ హాల్లోనే ఉండి, సమాచార కౌంటర్ దగ్గరికి వెళ్లి నీ కాగితం చూపించు. తెలియని మనిషి "మీ నాన్న పంపారు, రా" అంటే కదలొద్దు. నాన్న గొంతు ఫోన్‌లో విన్నాకే కదులు. పోలీసు నంబరు 999. యూఏఈలో భారతీయుల కోసం ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, నంబరు 800 46342.

తరచూ జరిగే పొరపాట్లు

పాస్‌పోర్టుని చెక్-ఇన్ బ్యాగులో పెట్టేయడం. బోర్డింగ్ పాస్ ఫోటో స్టేటస్‌లో పెట్టడం, దాని మీది కోడ్‌తో నీ టికెట్ వివరాలు ఎవరైనా చూడొచ్చు. అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా అని ఫోన్ ఆరిపోయేదాకా వీడియోలు చూడటం. క్యూలో ముందున్నవాళ్ల వెనకే బోర్డు చదవకుండా నడవడం. ఇంట్లో అడుగుతారని "నాకేం భయం లేదు" అని చెప్పడం ఇంకో పెద్ద పొరపాటు, దాంతో అమ్మానాన్నలు నీకు కావలసిన సాయం చేయకుండా ఊరుకుంటారు.

ఫలితం ఎలా చూసుకోవాలి

చేరిన రెండో రోజు, మొదట్లో రాసిన భయాల పేజీ తీసి పక్కన కొత్త మార్కులు వెయ్యి. కొన్ని పెద్దగా తగ్గవు. కుదుపుల భయం 8 నుంచి 7కి మాత్రమే రావొచ్చు, ఫరవాలేదు. చూడాల్సింది "అడగడం" అన్న వరుస. అది తగ్గి ఉంటే పని జరిగినట్టే. దారిలో ఎంతమందిని అడిగావో గుర్తు తెచ్చుకుని ఆ వరుస పక్కన రాయి: గేటు దగ్గర పోలీసు, కౌంటర్ అక్క, పక్క సీటు అంకుల్.

ఒక హెచ్చరిక. బయల్దేరడానికి వారాల ముందు నుంచే నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఊపిరాడనట్టు పదేపదే అవడం ఉంటే ఈ చిట్కాలతో నెట్టుకురావొద్దు. డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ సమయంలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవసరమైతే ప్రయాణం వాయిదా వేసినా నష్టం లేదు.

10. తిరుగు ప్రయాణం

వీసా గడువు ఏ రోజుతో అయిపోతుందో వెళ్లిన మొదటి రోజే క్యాలెండర్‌లో రాసుకో. దాటితే రోజు లెక్కన జరిమానా పడుతుంది. తిరుగు దారిలో కౌంటర్లన్నీ నీకు తెలిసినవే, భయం బాగా తక్కువ ఉంటుంది. అందుకే జాగ్రత్త కూడా తగ్గుతుంది.

దుబాయ్ ఎయిర్‌పోర్టులో తెలుగులో చాలా ప్రేమగా పలకరించి, "తమ్ముడూ, ఈ గొలుసు వేసుకెళ్లు, షంషాబాద్‌లో మావాడు వచ్చి తీసుకుంటాడు, ఖర్చులకి డబ్బులిస్తా" అనేవాళ్లు తగలొచ్చు. గొలుసు, ఫోన్, బెల్టు, చాక్లెట్ డబ్బా, ఏదైనా సరే తీసుకోకు. షంషాబాద్ కస్టమ్స్‌లో బంగారం పట్టుబడ్డ వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. ఆ బంగారం ఎవరిదైనా, కేసు మాత్రం మోసినవాడి మీదే. పెద్దమ్మకి చెప్పిన మాటే ఇక్కడా చెప్పు: "నాన్న ఎవరి వస్తువూ తీసుకోవద్దన్నారు." వదలకుండా వెంటపడితే గొంతు పెంచి అదే మాట ఇంకోసారి అని, దగ్గర్లో యూనిఫాంలో ఎవరున్నా వాళ్ల దగ్గరికి నడువు.